స్టాపర్‌గా పెట్టిండని అలిగిన బిడ్డకు

బిడ్డా,

ఫుట్‌బాల్ జట్టుల సార్ నిన్ను ఫార్వర్డ్ నుంచి తీసి వెనుక కాపలా కాసే స్టాపర్‌గా పెట్టిండని, నువ్వు హాస్టల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదని మీ అమ్మ ఆసిఫాబాద్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. అలిగితే సార్ మీద అలుగు, అన్నం మీద ఎందుకు? ఇన్నేండ్లు పీఈటీగా ఆడపిల్లలను ఆడించినదాన్ని కాబట్టి చెప్తున్న. ఆ ప్లేసు వదులుకోకు.

నీకు గుగులోత్ సౌమ్య లెక్క కావాలని ఉన్నది. ఎవరికుండదు? మన నిజామాబాద్ జిల్లా పిల్ల. ఈస్ట్ బెంగాల్‌కు వింగ్ మీద ఆడి, 2025ల దేశంలనే ఉత్తమ క్రీడాకారిణిగా ఫెడరేషన్ అవార్డు అందుకున్నది. అదే ఏడు ఏప్రిల్‌ల ఒడిశా మీద ఆమె కొట్టిన గోల్‌తోనే ఈస్ట్ బెంగాల్‌కు మొదటిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ దక్కింది. ఆ వీడియో నీ ఫోన్ల ఉంటదని నాకు తెలుసు. స్కోరు ఎంతనో గుర్తున్నదా? 1-0. ఆ ఒకటి సౌమ్యది. మరి ఆ సున్నా ఎవరిది? దాన్ని తొంభై నిమిషాలు కాపాడినోళ్ల పేర్లు అడిగితే నువ్వు తల గోక్కుంటవు.

ఒక పేరు నేను చెప్త, రాసి పెట్టుకో. ఆశాలతా దేవి. మణిపూర్ పిల్ల, స్టాపర్. ఆ సీజన్ల సౌమ్య ఉన్న జట్టుల్నే ఆమె కూడా ఉన్నది. 2024 అక్టోబర్‌ల కాట్మండుల పాకిస్తాన్ మీద ఆడింది దేశం తరఫున ఆమెకు నూరో మ్యాచ్. మన దేశంల ఆడోళ్లల్ల నూరు మ్యాచ్‌లు ఆడిన మొదటి మనిషి ఒక ఫార్వర్డ్ కాదు బిడ్డా, వెనుక నిలబడే మనిషి. వింగ్ మీద ఉరికెటోళ్లకు కాళ్ల వేగం తగ్గంగనే బెంచీ చూపిస్తరు. ఆట చదవనేర్చిన స్టాపర్‌ను మాత్రం కోచ్ అంత తొందరగ వదులుకోడు.

వెనుక ఆడెటోళ్లకు గోల్ కొట్టుడు రాదనుకుంటున్నవా? 1962ల జకార్తా ఏషియన్ గేమ్స్‌ల మన దేశం జట్టుకు మన హైదరాబాద్ రహీం సాబే కోచ్. జర్నైల్ సింగ్ అని స్టాపర్, తలకు దెబ్బ తాకి కుట్లు పడ్డయి. రహీం సాబ్ ఆయనను ఇంటికి పంపలేదు, ఫార్వర్డ్‌గా దింపిండు. ఫైనల్ల జర్నైల్ దక్షిణ కొరియా మీద గోల్ కొట్టిండు, 2-1తో గోల్డ్ మనకొచ్చింది. (రహీం సాబ్ మీద తీసిన మైదాన్ సినిమా చూడకుంటే ఆదివారం పూట చూడు. సినిమా కాబట్టి జెర ఎక్కువ చేసిండ్రు గని, ఈ గోల్ నిజమే.) స్టాపర్‌ను ఫార్వర్డ్ చేసుడు ఒక్క పూటల అయింది. ఫార్వర్డ్‌ను స్టాపర్ చేసుడు అంత సులువు కాదు. అందుకే నీకు టైం పడ్తది, సార్‌కు కూడా ఓపిక పడ్తది.

మొన్న గోదావరిఖనిల నీ మ్యాచ్ చూసిన కదా. ఆ తొమ్మిదో నంబర్ పిల్ల బాల్ తీసుకొని వస్తుంటే నువ్వు ఎదురురికి కాలు పెట్టినవు. ఆమె బాల్‌ను ఇట్ల తిప్పి అట్ల దాటిపోయింది. నువ్వు పడ్డవు. ఫార్వర్డ్ బుద్ధి అది, బాల్ కనవడితే కాలు పెట్టాలె. స్టాపర్ కాలు పెట్టుడు ఆఖరి పని. ఎదురుంగ నిలబడకు, పక్కకు తిరిగి మోకాళ్లు వంచి నిలబడు. ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక. ఆమె కండ్లు చూడకు, నడుము ఊపు చూడకు, బాల్ ఒక్కటే చూడు. వెనక్కి జరుగుకుంట లైన్ దిక్కు తోలు. లైన్ దగ్గర ఆమెకు సగం గ్రౌండే మిగులుతది. ఆమె బాల్‌ను కాలికి దూరంగ తన్నుకున్న ఆ ఒక్క సెకండ్ నీది, అప్పుడు దూరు.

ఇంకొకటి, నోరు. మన ఇండ్లల్ల ఆడపిల్ల గొంతు లేస్తే "మెల్లగ మాట్లాడు" అంటరు. నువ్వు అట్లనే పెరిగినవు, నేనూ అట్లనే పెరిగిన. గ్రౌండ్ల అది నడవది. "మ్యాన్ ఆన్", "లీవ్", "లైన్ పైకి" అని కీపర్ దాకా వినపడేటట్టు ఒర్రాలె. అందరి వెనుక ఉంటవు కాబట్టి గ్రౌండ్ మొత్తం కనపడేది నీకే. నీకంటే పెద్ద అక్క తప్పు ప్లేసుల ఉన్నా పేరు పెట్టి పిలువు. మ్యాచ్ అయినంక "అక్కా, ఏమనుకోకు" అను, సరిపోతది.

మోకాలు సంగతి నవ్వులాట కాదు. ఆడపిల్లలకు మోకాలిల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ముప్పు మగపిల్లల కన్నా రెండింతలకు పైనే. ఎక్కువసార్లు ఎవరూ తాకకుండనే తెగుతది, ఎగిరి దిగంగనో, ఉరికి ఉరికి గబుక్కున తిరగంగనో. స్టాపర్ పనే అది. ఫిఫా 11+ అనే వార్మప్ ఉన్నది, 20 నిమిషాలు. సార్ చేయించకుంటే నువ్వే అడుగు. రక్తం పరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్ తక్కువుంటే రెండో హాఫ్‌ల కాళ్లు లేవవు. ఉట్నూరు దిక్కు ఆదివాసీ అక్కలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు పంపుతున్న. దోస్తులకు పంచు, అన్నీ పంచకు.

ఇగ పైసలు. 2023ల ఫెడరేషన్ పెట్టిన రూల్ ప్రకారం లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది మన దేశపు ప్లేయర్లకు ఏడాదికి 3.2 లక్షలకు తక్కువ కాకుండ ఇయ్యాలె. నెలకు ఇరవై ఆరు వేల పైచిలుకు. అది కూడా ఆ పదిమందిల ఉంటేనే. క్రికెట్ ఆడపిల్లల వేలం పాటలు చూసి లెక్కలేసుకోకు. అందుకే చదువు ఆపొద్దంటున్న. రైల్వేకు, సశస్త్ర సీమా బల్‌కు ఆడోళ్ల జట్లున్నయి. ఆడుకుంటనే జీతం తీసుకోవచ్చు. ఆడిన ప్రతి టోర్నమెంట్ సర్టిఫికెట్ ఫైల్ల పెట్టు. దాని మీద నీ పేరు, ఇంటిపేరు టెన్త్ మెమోల ఉన్నట్టే ఉన్నదా లేదా, తీసుకున్న రోజే చూసుకో. ఒక్క అక్షరం తేడాకు కౌంటర్ల చుట్టూ తిరిగిన పిల్లలు నాకు తెలుసు.

మీ నాన్నతోని నేను మాట్లాడిన. ఇంటర్ అయ్యేదాక పెండ్లి మాట ఎత్తనన్నడు. డిగ్రీ దాక అనిపిస్త, ఆ పని నాకొదులు.

నీ స్టడ్స్ అడుగు అరిగిపోయినయని గోదావరిఖనిల చూసిన. సైజు రాసి పంపు. గట్టి నేల మీదికి పొట్టి స్టడ్లే తీసుకుంట, మెరిసేటివి అడగకు.

మీ చిన్నమ్మ,
మంచిర్యాల