ఫాలోయర్లు లేకపోతే పుస్తకం రాదా?

ప్రశ్న: ఉండేది బళ్లారి. తెలుగులో కథలు రాస్తాను. ఫేస్‌బుక్‌లో పేరుంటేనే ప్రచురణకర్తలు చూస్తారంటున్నారు. నిజమేనా?

జవాబు: కథల విషయంలో అంత నిజం కాదండీ. మీ జిల్లా సండూరులో పుట్టిన కన్నడ రచయిత వసుధేంద్ర నడిపే ప్రచురణ సంస్థ ‘ఛంద పుస్తక’నే చూడండి. ఇంకా సంపుటి రాని కన్నడ కథకుల రాతప్రతుల్లోంచి ఎంచి, బహుమతి ఇచ్చి, పుస్తకం వేస్తుంది. అక్కడ ఎంపిక రాతప్రతిని బట్టే.

మన తెలుగులో చిక్కు వేరే. చాలా సంపుటాలు రచయిత సొంత డబ్బుతోనే వస్తాయి. అప్పుడు అమ్ముకునే బరువూ మీదే కనుక ఆన్‌లైన్ పరిచయాలు అక్కరకొస్తాయి. అవీ అచ్చుకు ఆరు నెలల ముందు మొదలుపెడితే చాలు. లైకులు కొట్టినవాళ్లంతా కొంటారనుకోకండి!

నన్నడిగితే ముందు పత్రికలకు పంపండి. 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ ఉంది, ‘సారంగ’ ఉంది, ఆదివారం అనుబంధాలున్నాయి. నాలుగు కథలు వాటిలో వస్తే ప్రచురణకర్తకు చూపించడానికి అంతకన్నా మంచి పరిచయపత్రం ఉండదు. ఒక్క జాగ్రత్త: కథ మొత్తం ముందే ఫేస్‌బుక్‌లో పెట్టేయకండి. అలా బయటికొచ్చినదాన్ని చాలా పత్రికలు ప్రచురితం కిందే లెక్కేసి తిప్పి పంపుతాయి.