బంతి చేజారుట: అదృష్టమా? అభ్యాసమా?

కిందటి ఏడు కోరుకొండ మైదానములో మన కళాశాల జట్టు చివరి నిమిషమున బంతిని పోగొట్టుకొని ఓడిపోయినది. కొందరు కిస్మత్ అన్నారు. కొందరు ఒక విద్యార్థిని వేలెత్తి చూపినారు. ఆ విద్యార్థి మరల మైదానమునకు రాలేదు. అందుచే ఈ ప్రశ్నను తరచి చూడవలెనని మాకు తోచినది.

మాటలతోనే మొదలుపెట్టుదము, తెలుగు ఉపన్యాసకులకిది తప్పని అలవాటు. అదృష్టమనగా కంటికి కనబడనిది. కిస్మత్ అనగా పంపకములో వచ్చిన పాలు. రెండింటిలోను ఆటగాని తప్పొప్పులకు చోటు లేదు.

అమెరికా దేశపు ఫుట్‌బాల్‌లో బంతి గుండ్రనిది కాదు. కోలగా, రెండు కొనలు మొనదేలి ఉండును. అది చేయి జారి నేలబడినచో ఎటు గెంతునో ఎవరును చెప్పలేరు. అట్టి బంతి ఏ జట్టుకు దొరకుననుట ఇంచుమించు సగము సగమేనని లెక్కలు కట్టినవారు తేల్చినారు. కాని ఒక కొనను వ్రేళ్ళతో కప్పి, రెండవదానిని మోచేతి మడతలో ఇరికించి, రొమ్మునకు అదిమి పట్టుట అభ్యాసముచే వచ్చునది. జారుట వేరు, జారినది దొరకుట వేరు. ఈ రెంటిని కలిపివేయుటవలననే మన తగవులన్నియు.

విద్యార్థులారా! మనకు దగ్గరి నిదర్శనము హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిచే ఉపాధ్యాయులు. డ్రిబ్లింగు లేని పోటీలను, బలహీనమైన కాలితో మాత్రమే ఆడు పోటీలను ఆయన నడిపించినారు. బంతిని కాలివద్ద ఎక్కువసేపు ఉంచుకొన్నవాడే దానిని పోగొట్టుకొనును. ఒంటికాలి ఆటగాని ఎత్తు ఎదుటివానికి ముందే తెలిసిపోవును. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఐదేండ్ల విజయమును అదృష్టమనుటకు మాకు నోరు రాదు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో రహీం గారి భారత జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించినది. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్ ముందువరుసలో ఆడి ఒక గోలు చేసినాడు. గాయము దురదృష్టము, స్థానము మార్చుట గురువుగారి తెలివి.

ఇక మన ఆట. ఆ సాయంత్రము బంతి గడ్డిదుబ్బు తగిలి పైకి లేచినది. అంతవరకు అదృష్టమే. కాని అంతకు ముందే దానిని అందించుదమన్నను అతని చేరువలో మనవాడొక్కడును లేడు. ఆ లోపము పదకొండుగురిది. కమిటీవారు మైదానమును చదును చేయించవలెను. వారమునకొక సాయంత్రము ఎడమకాలి ఆట పెట్టించవలెను. ఆ విద్యార్థిని పిలుచుకొని వచ్చుటకు మేము రేపే వాని ఇంటికి పోవుచున్నాము.