సరళాసాగర్ : గేట్లు లేని మత్తడి

చెరువు నిండిననాడు మత్తడి దుముకుట మన చిట్యాల ప్రాంతపు విద్యార్థు లెరుగని దృశ్యము కాదు. నీరు కట్టమీదుగా పొర్లినచో మట్టి కోసుకొనిపోయి చెరువు తెగును. అందుచే కట్టకన్న తక్కువ ఎత్తున రాతితో ఒక దారి విడుతురు. దీనినే అలుగు అనియు అందురు.

మత్తడిపై నీటి మందము నాలుగింతలైనచో ప్రవాహము ఎనిమిదింతలగును. కాని పలుచని పొరగా పోవు నీరు స్వల్పము. కనుక మత్తడినైనను పొడిగింపవలెను, గేట్లనైనను అమర్పవలెను. ఇరుకు లోయలలో పొడిగించుటకు చోటుండదు. అట్టిచోట్ల మత్తడిని గుండ్రముగా చుట్టి, జలాశయములోనే గరాటువలె నిలుపుదురు. కాలిఫోర్నియాలోని మాంటిసెల్లో ఆనకట్ట గరాటు పైఅంచు వ్యాసము 72 అడుగులు; అనగా సుమారు 226 అడుగుల మత్తడి ఒక్కచోట ఒదిగినది. క్రిందికి పోను పోను అది 28 అడుగులకు సన్నగిల్లును. అయితే గొంతు నిండిన పిమ్మట నీటిమట్టము పెరిగినను ప్రవాహము అంతగా పెరుగదు.

మైసూరు ఇంజనీరు గణేశ్ అయ్యర్ గరాటుపై గుమ్మటము బోర్లించి దానిని సైఫనుగా మార్చెను. మార్కోనహళ్లి ఆనకట్టలో అట్టివి కలవు.

సైఫను మనకు దూరపు విద్య కాదు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట తలపెట్టిన సరళాసాగర్ 1949లో ప్రారంభమై 1959లో పూర్తియైనది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ జలాశయమున గేట్లకు బదులు సైఫనులు అమర్చిరి. డ్రమ్ములోని డీజిలును రబ్బరు గొట్టముతో తీయు సూత్రమే ఇది. నోటితో పీల్చువాడు మాత్రము ఇచట లేడు. ఆ పని నీరే చేయును. మట్టము అంచును దాటగానే పలుచని ధార కప్పులోని గాలిని తనతో ఈడ్చుకొనిపోవును. లోపలి పీడనము తగ్గును. బయటి వాయుపీడనము నీటిని పైకి నెట్టును. గొట్టము నిండుగా పారును. అప్పుడు ప్రవాహమునకు ఆధారము అంచుపైనున్న కొద్దిపాటి నీరు కాదు, జలాశయ మట్టమునకును దిగువ ముఖమునకును గల మొత్తము ఎత్తు. మట్టము తగ్గి గాలి రంధ్రము బయటపడగానే ప్రవాహము తెగును. అర్ధరాత్రి వరద వచ్చినను గేటెత్తువాడు అక్కరలేదు!

లోపములును కలవు. చెత్త అడ్డుపడవచ్చును, దిగువకు నీరు ఒక్కుమ్మడిగా దుముకును. అంతకు మించినది మరియొకటి. సైఫను పొర్లుటను ఆపునే గాని, మట్టికట్టలోని ఊటను ఆపజాలదు. 2019 డిసెంబరు 31న, జలాశయము నిండియుండగా, సరళాసాగర్ మట్టికట్ట తెగి నీరంతయు పోయినది. తరువాత కట్టను తిరిగి నిర్మించిరి. తెగిన భాగము మట్టికట్టయే గాని సైఫనుల గోడ కాదను సంగతి భౌతికశాస్త్ర విద్యార్థులు గమనింపదగినది.

కళాశాల సంఘమువారు విజ్ఞానయాత్రను ఈ జలాశయమునకు ఏర్పాటు చేయవలెనని మా కోరిక. అయితే వానకాలములో, జలాశయము నిండిన వార్త వచ్చిన పిదపనే వెళ్లవలెను. వేసవిలో పోయినచో కాంక్రీటు కప్పులు తప్ప మరేమియు కనబడదు.