జడ్జి తప్పు చేశాడా? ఒక నవల, దాని సినిమా

ముందే చెప్పేస్తున్నా, ఇందులో స్పాయిలర్లు ఉన్నాయి. ముగింపు తెలియకుండా చదవాలనుకునేవాళ్లు నవల అయ్యాక ఇక్కడికి రండి.

అగాథా క్రిస్టీ 'అండ్ దెన్ దేర్ వర్ నన్' 1939లో వచ్చింది. ఇంగ్లండ్‌లో డెవన్ తీరం దగ్గర ఒక చిన్న దీవి. అక్కడ పదిమంది చేరతారు. పిలిచిందెవరో ఎవరికీ తెలీదు. ఆ రాత్రి గ్రామఫోన్ రికార్డు ఒక్కొక్కరి మీదా హత్యానేరం మోపుతుంది. అన్నీ చట్టానికి అందని నేరాలే. ఆ తర్వాత పిల్లల పాటలో ఉన్నట్టే ఒక్కొక్కరూ చనిపోతారు. టేబుల్ మీద పది బొమ్మలు కూడా ఒక్కోటీ మాయమవుతుంటాయి. మన భాషలో చెప్పాలంటే పది నుంచి సున్నా దాకా నడిచే లూప్.

నేను మొదట చూసింది 1945లో రెనే క్లెయిర్ తీసిన సినిమా. అందులో లూప్ రెండు దగ్గరే ఆగిపోతుంది. వెరా, లొంబార్డ్ బతికి బయటపడతారు. వెరా ఏ తప్పూ చేయలేదు. లొంబార్డ్ అసలు లొంబార్డే కాదు, ఫ్రెండ్ పేరుతో వచ్చిన వేరే మనిషి. హాయిగా అనిపించింది.

తర్వాత నవల చదివితే షాక్. అందులో వెరా దోషి. తను చూసుకునే సిరిల్ అనే పిల్లాడు చనిపోతే ఆస్తి తను ప్రేమించిన హ్యూగోకి వస్తుంది. అందుకే ఆ పిల్లాణ్ణి సముద్రంలో దూరంగా ఈదడానికి వెళ్లనిచ్చింది. ఈ సంగతి మనకి ఒకేసారి తెలీదు. ఆమె జ్ఞాపకాల్లోంచి ముక్కలుముక్కలుగా బయటపడుతుంది. అప్పటికే మనం ఆమె పక్షాన చేరిపోయి ఉంటాం.

ఇంకో విషయం. హంతకుడైన జడ్జి వార్‌గ్రేవ్ తన దృష్టిలో తక్కువ దోషులని ముందు చంపుతాడు, ఎక్కువ దోషులని చివరికి ఉంచుతాడు. భయంతో ఎక్కువసేపు బతకడమే వాళ్లకి శిక్ష. అంటే వెరా చివరిదాకా మిగలడం అదృష్టం కాదు, అదే తీర్పు. సినిమాలో ఆమెని నిర్దోషిని చేయగానే ఈ వరసకి అర్థం పోయింది.

అలా అని డైరెక్టర్‌ని తిట్టలేం. 1943లో నవలని నాటకంగా మార్చినప్పుడు క్రిస్టీనే ముగింపు మార్చింది, సినిమా దాన్నే తీసుకుంది. స్టేజి మీద అందరూ చనిపోతే కథ చెప్పడానికి ఎవరు మిగులుతారు? నవలకి ఆ ఇబ్బంది లేదు. జడ్జి ఒప్పుకోలు రాసి, సీసాలో పెట్టి సముద్రంలో వేస్తాడు.

నాకు అసలు తేడా ఇక్కడే కనిపించింది. సినిమాలో జడ్జి ఇద్దరి విషయంలో పొరబడ్డాడు. కాబట్టి 'చూశారా, తప్పు మనుషులని చంపబోయాడు' అని తేలిగ్గా అనేయొచ్చు. నవలలో వెరా గురించి అతను పొరబడలేదు. అయినా ఆమె తన గదిలో వేలాడుతున్న ఉరితాడు చూసినప్పుడు నా కడుపులో ఏదో తిప్పింది. 'అపరిచితుడు' చూసి విజిల్ వేసినవాణ్ణే నేను. మరి ఇక్కడెందుకు వేయలేకపోయాను? దోషి అని తెలిసినా ఈ శిక్ష ఎందుకు తప్పో సినిమా చెప్పదు, ఆ అవసరం రాకుండా చూసుకుంది. నవల కూడా చెప్పదు, కానీ ఆ ప్రశ్నని మన చేతిలో పెట్టి వెళ్లిపోతుంది.

అందుకే నా సలహా: సినిమా ముందు చూడండి, నవల తర్వాత చదవండి. వెరా నిర్దోషి అని ఒకసారి నమ్మాక నిజం తెలిస్తే, ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.