వెనక వచ్చేవారికి విశ్రాంతి ఏదీ?

ఈసారి బస్తర్ వైపు, బీజాపూర్ జిల్లా బాసగూడ నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఆయన రాసింది, రెండోది ఆవిడ రాసింది.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 44 ఏళ్లు, మా ఆవిడకు 40. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాం. సరుకులకు ఆవపల్లి దాకా సైకిల్ మీదే వెళ్లొస్తుంటాం. ఈ డిసెంబరులో సైకిళ్లు రైల్లో వేసుకుని అరకులో దిగి, అనంతగిరి ఘాట్ మీదుగా విశాఖ, అక్కణ్ణుంచి బీచ్ రోడ్డులో భీమిలి వెళ్లాలని కోరిక. ఎత్తు వస్తే ఆవిడకు ఆయాసం. నేను ముందు వెళ్లి ఆగి ఉంటాను. వానాకాలంలో ఆవిడకు మలేరియా వచ్చి తగ్గింది. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు, కానీ ఆ ‘ముందు వెళ్లి ఆగి ఉంటాను’ సంగతి ముందు తేల్చుకుందాం. మీరు చెట్టు కింద పది నిమిషాలు కూర్చుంటారు. ఆవిడ రొప్పుతూ వచ్చి ఒక కాలు నేలకు ఆనించేసరికి మీరు ‘ఇక పదా’ అంటారు. అలసిన మనిషికి విశ్రాంతి లేదు, అలవని మనిషికి బోలెడంత. నా దగ్గరికొచ్చే సైకిల్ జంటల్లో చాలామంది చేసే పనే ఇది. ఎత్తులో ఆవిణ్ణి ముందు పోనివ్వండి, మీరు వెనక ఉండండి. తొక్కుతూ ఇద్దరూ మాట్లాడుకోగలిగినంత వేగమే సరైన వేగం. మాట తెగిపోతుంటే దిగి, తోసుకుంటూ నడవండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక ఆయాసం. కాళ్లకంటే ముందు రక్తం చూపించండి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. నెలసరి ఎక్కువైనా, తిండిలో ఇనుము చాలకపోయినా తగ్గుతుంది. పైగా మలేరియా ఎర్రకణాలను నేరుగా చిదిమేస్తుంది. పది లోపు ఉంటే ఈ ప్రయాణం రెండు మూడు నెలలు వెనక్కి జరపండి. ఇనుము మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లూ వాడాలి, టీతో కలిపి మాత్రం వేసుకోకూడదు. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఆయాసం తగ్గకపోతే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి.

అదే రోజు ఇద్దరూ సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకోండి. బస్తర్ వైపు ఈ రక్తపు జబ్బు మామూలే. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఈ పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. జబ్బు ఉన్నవాళ్లు ఇలాంటి ప్రయాణం పెట్టుకోవద్దు. తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఒక్క జన్యువే వచ్చినవాళ్లు మామూలుగానే బతుకుతారు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, పంతానికి పోయి తొక్కితే కండరాలు దెబ్బతిని కుప్పకూలే ప్రమాదం ఉంది.

మలేరియా తగ్గిందన్నారు. ఏ రకమో చీటీలో చూడండి. వైవాక్స్ అయితే కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని తుడిచిపెట్టే ప్రైమాక్విన్ 14 రోజులు పూర్తిగా వాడారా? సగంలో ఆపేవాళ్లే ఎక్కువ. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం మీ అంతట మీరు వేసుకోకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ఆ మందుతో ఎర్రకణాలు విరిగిపోతాయి. దారిలో జ్వరం వస్తే ‘ఎండ దెబ్బేలే’ అనుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. బీజాపూర్ జిల్లా నుంచి వచ్చామని మీరే చెప్పాలి. సముద్రం ఒడ్డున కూర్చున్న డాక్టరుకు అడవి గుర్తుకు రాకపోవచ్చు.

అరకు నుంచి అంతా దిగుడే అనుకోకండి, ముందు గాలికొండ దాకా ఎక్కాలి. ఆ తర్వాతి దిగుడులో బ్రేకు బిగపట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలుతుంది, చేతులూ తిమ్మిరెక్కుతాయి. కాసేపు నొక్కి, కాసేపు వదలండి. చిటికెన వేలు మొద్దుబారిందంటే అరచేతి మొదట్లో నరం నలిగిందన్నమాట, పట్టు మార్చండి. దిగుడులో ఇద్దరి మధ్యా బాగా దూరం ఉండాలి.

కింద విశాఖలో ఉక్క. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఓఆర్‌ఎస్ పాకెట్టు లీటరు నీళ్లలో పూర్తిగా కలపండి, సగం సగం కాదు. మీరు మండియా పేజ్ అంటారే, ఆ రాగి జావలో ఉప్పేసుకున్నా మంచిదే.

ప్రశ్న: ఆయన రాయనివి మూడున్నాయి. దారిలో మరుగుదొడ్డి ఉండదని నేను నీళ్లు తాగను. సీటు దగ్గర ఒరుసుకుని మంట. మోకాలు ముందు భాగంలో నొప్పి. సైకిల్ మా అబ్బాయి పాతది.

జవాబు: అమ్మా, అసలు విషయం మీరు రాశారు. నీళ్లు మానేస్తే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, ఎండకు తలనొప్పి. కాబట్టి ఎంత దూరం అని కాదు, పెట్రోలు బంకు ఎక్కడుంది, హోటలు ఎక్కడుంది అని చూసుకుని మజిలీలు పెట్టుకోండి. ఆ లెక్క ఆయన్ని వేయమనండి.

మంటకు మెత్తటి స్పాంజి తొడుగు వేస్తే నయమనిపిస్తుంది, కానీ గంట తర్వాత అదే మధ్యలోకి పొడుచుకొచ్చి నలుపుతుంది. కాస్త వెడల్పున్న గట్టి సీటు మేలు. దాని ముక్కు పైకి లేచి ఉంటే సమానం చేయించండి. మధ్యలో కుట్టు లేని నూలు లోదుస్తులు వేసుకోండి. మొద్దుబారితే దిగి నడవండి.

మోకాలి సంగతి చూస్తే, సీటు మీ అబ్బాయి చిన్నప్పటి ఎత్తులోనే ఉండిపోయినట్టుంది. మీరు సీటు మీద కూర్చోండి, ఆయన్ని సైకిల్ పట్టుకోమనండి. పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. వంగే ఉంటే సీటు కొద్దికొద్దిగా పైకి లేపించి, రెండు రోజులు తొక్కి చూసి, మళ్లీ లేపించండి. కడ్డీ మీదున్న గీత దాటనివ్వకండి. సంచిలో ఒక పానా వేసుకోండి, అది మీ సంచిలోనే ఉండాలి.