తిమింగలాన్ని గుర్తుపట్టడం ఎలా?



విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రెండు జాతీయ రహదార్లు కలుస్తాయని మీకు తెలుసు. అందులో బందరు రోడ్డు పట్టుకొని సుమారు 70 కిలోమీటర్లు పోతే బందరు వస్తుంది. అది దాటితే ఇంక సముద్రమే. ఆ బంగాళాఖాతంలో తిమింగలాలు ఉన్నాయి. ఎక్కడో మంచు దేశాల్లోనే ఉంటాయని మనలో చాలామంది అనుకుంటారు గాని అది నిజం కాదు.

2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా పాత మేఘవరం ఒడ్డుకు ఒక నీలి తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది. పొడవు సుమారు 25 అడుగులు అని పేపర్లో రాశారు. అందరూ అబ్బో ఎంత పెద్దదో అన్నారు. కాని అది పిల్ల. నీలి తిమింగలం పుట్టినప్పుడే సుమారు 23 అడుగులు ఉంటుంది. అంటే అది ఇంకా తల్లిపాలు తాగే వయసుదే అయ్యుంటుంది. పెద్దదైతే 30 మీటర్ల దాకా ఉంటుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగితే, ఇంకో అర బస్సు కలిపితే అంత!

మా ఊళ్లో పెద్దవాళ్లు జంతువును చూడకుండానే అడుగు చూసి, పెంట చూసి అది ఏదో చెప్పేస్తారు. నీళ్లలో అడుగులు పడవు కదా. అక్కడ ఊపిరి చూడాలి. తిమింగలం చేప కాదు, మనలాగా ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది. పైకి వచ్చి తల మీద రంధ్రంలోంచి ఊపిరి వదిలితే పొగలాగా లేస్తుంది. నీలి తిమింగలం ఊపిరి నిటారుగా, తాటిచెట్టు లాగా చాలా ఎత్తు లేస్తుంది. స్పెర్మ్ తిమింగలానిది ముందుకు, ఎడమ పక్కకు వాలి ఉంటుంది. దూరం నుంచి కూడా ఈ తేడా తెలుస్తుంది.

రెండో గుర్తు తోక. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. తిమింగలం తోక అడ్డంగా, చేట పరిచినట్టు ఉండి పైకీ కిందికీ ఆడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటి ఉంది. తిమింగల సొర అని ఒకటుంది. పేరులో తిమింగలం ఉన్నా అది సొరచేపే. ఒంటినిండా తెల్లచుక్కలు, నిలువు తోక, మెడ పక్కన మొప్పల చీలికలు. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప ఇదే. మనుషుల్ని ఏమీ చెయ్యదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డున వలలో చిక్కితే జాలర్లు, అటవీశాఖ వాళ్లు కలిసి మళ్లీ లోతు నీళ్లలోకి పంపారు.

ఏదైతే ఏంటి, రెండూ పెద్దవే కదా అంటారేమో. అట్లా కాదు. సొరకు మొప్పలు గనక నీళ్లు లేకపోతే ఊపిరి ఆడదు, వెంటనే నీళ్లలోకి చేర్చాలి. తిమింగలానికి ఒడ్డున గాలి అందుతుంది గాని దాని బరువే దాన్ని నలిపేస్తుంది, ఎండకు ఒళ్లు వేడెక్కిపోతుంది. అధికారులు వచ్చేదాకా తడిగుడ్డలు కప్పి, నీళ్లు చల్లుతూ ఉండాలి. తల మీద రంధ్రంలో మాత్రం చుక్క నీరు పడనియ్యకూడదు. తోక పట్టుకొని లాగకూడదు. రెండింటినీ చట్టం కాపాడుతుంది, ముందు అటవీశాఖకు కబురు చెయ్యాలి.

2016 జనవరిలో తమిళనాడు మణపాడు ఒడ్డుకు 80కి పైగా పైలట్ తిమింగలాలు వచ్చేశాయి. జాలర్లు రాత్రంతా నీళ్లలోకి తోశారు. కొన్ని మళ్లీ వెనక్కి వచ్చాయి. అవి గుంపును వదిలి పోలేవు. 40కి పైగా చనిపోయాయి. 1973లో కూడా ఆ తూత్తుకుడి తీరంలోనే 147 వచ్చి పడ్డాయి.

బతికున్న నీలి తిమింగలాన్ని చూడాలంటే శ్రీలంకలో మిరిస్సా, త్రికోణమలై దగ్గర పడవల్లో పోతారు. మనకు అంత డబ్బు ఎక్కడిది! మన ఒడ్డు నుంచి కనబడేవి ఎక్కువగా డాల్ఫిన్లే. అవి కూడా పంటి తిమింగలాల జాతివే. గాలి లేని పొద్దుపూట, నీళ్లు నున్నగా ఉన్నప్పుడు, నల్లటి వంపు రెక్క లేచి మునుగుతుందా అని చూడాలి. చూస్తే టైము, ఎన్ని, ఏ పక్కకు పోతున్నాయి అని నోటుబుక్కులో రాయాలి.

వార్డెన్ మేడంగారూ, ఈ ఏడు విహారయాత్ర మంగినపూడికి పెట్టండి. తెల్లారేసరికి ఒడ్డున ఉండేట్టు రాత్రే బయల్దేరదాం.

— 9వ తరగతి విద్యార్థిని