నవ్వించినవాడికి ఆరడుగుల నేల

కిందటేడు వార్షికోత్సవానికి మేం వేసిన హాస్యనాటికలో నాకొక పిసినారి ముసలాడి వేషం దక్కింది. హాలంతా నవ్వింది. తెర వెనక రంగు తుడుచుకుంటూంటే ఒక మిత్రుడొచ్చి, "బాగానే నవ్వించావోయ్! వచ్చే ఏడైనా ఒక మంచి నాటకం వెయ్యి" అన్నాడు. అంటే హాస్యనాటకం మంచి నాటకం కాదన్నమాట! ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. దానికి సమాధానం కోసం గ్రంథాలయంలో వెతుకుతూంటే పరిచయమైనవాడు పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్త, నటుడు మోలియేర్.

అసలు పేరు ఝాఁ బాప్తిస్త్ పొక్లాఁ. 1622లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి రాజుగారి నగరులో పరుపులు, తెరలు అమర్చే ఉద్యోగి. వారసత్వంగా ఆ ఉద్యోగం కొడుక్కే రావాలి. కాని 1643లో అతడు దాన్ని కాదనుకుని, మదలెన్ బెజార్ అనే నటితోనూ, ఆమె కుటుంబంతోనూ కలిసి నాటక సమాజం పెట్టాడు. ఆ రోజుల్లో రంగస్థలానికి దీపాలంటే కొవ్వొత్తులే. 1645లో ఆ కొవ్వొత్తుల బాకీ తీర్చలేక పాపం జైలుకే వెళ్ళాడు! విడుదలయ్యాక సుమారు 13 ఏళ్ళు జట్టుతో ఊరూరా తిరిగాడు.

1658 అక్టోబరు 24న పద్నాలుగో లూయీ ఎదుట ఆడే అవకాశం వచ్చింది. ముందు కోర్నెయ్ రాసిన గంభీర నాటకం వేశారు. అది అంతగా రక్తి కట్టలేదు. అప్పుడు మోలియేర్ అనుమతి అడిగి తన చిన్న ప్రహసనం ఒకటి ప్రదర్శించాడు. రాజు నవ్వాడు. పారిస్‌లో ఆ జట్టుకు నాటకశాల దొరికింది. తమాషా ఏమిటంటే, విషాద నటుడిగా పేరు తెచ్చుకోవాలని అతనికీ ఉండేది. 1661లో గంభీర నాటకం రాసి దెబ్బతిన్నాక నవ్వునే నమ్ముకున్నాడు.

ఆ నవ్వు ఎంత పదునైనదో 'తార్తూఫ్' చెబుతుంది. భక్తుడి వేషంలో ఒక దొంగ ఓ ఇంట్లో చేరతాడు. ఇంటి యజమాని అతణ్ణి గుడ్డిగా నమ్మి ఆస్తి రాసిచ్చేస్తాడు, కూతుర్నీ ఇస్తానంటాడు. చివరికి భార్య భర్తను బల్ల కింద దాచి, ఆ దొంగభక్తుడు తనతో ఆడే సరసాలు వినిపిస్తుంది. 1664లో వెర్సాయ్‌లో దీన్ని ఆడగానే మతపెద్దలు మండిపడ్డారు. రచయితను తగలబెట్టాలని రాసిన మతగురువూ ఉన్నాడు. రాజుకు నచ్చినా బహిరంగ ప్రదర్శన నిషేధించక తప్పలేదు. 1667లో మార్చి ఆడితే ఒక్క ప్రదర్శనతోనే మళ్ళీ ఆపేశారు. 1669 ఫిబ్రవరిలో గాని అనుమతి రాలేదు. ఈ అయిదేళ్ళూ అతడు చేతులు ముడుచుకు కూర్చోలేదు. జట్టుకి తిండి పెట్టాలి కదా! 'దోఁ జువాఁ', 'మిజాంత్రోప్', పిసినారి కథ 'లావార్' ఆ కాలంలో వచ్చినవే.

ఇక చివరి అంకం. 1673 ఫిబ్రవరిలో 'రోగభ్రాంతుడు' ప్రదర్శనకు వచ్చింది. లేని రోగాలు ఊహించుకునే ఆర్గాఁ వేషం మోలియేర్‌దే. ఆ పాత్ర ఇంట్లోవాళ్ళ ప్రేమ ఎంతటిదో తెలుసుకోవడానికి చచ్చినట్టు నటిస్తుంది. నటుడికి మాత్రం జబ్బు నిజంగానే ఉంది. ఫిబ్రవరి 17న, నాలుగో ప్రదర్శనలో, వేదిక మీదే బాధ ముంచుకొచ్చింది. దాన్ని నవ్వుతో కప్పిపుచ్చి ఆట పూర్తిచేశాడంటారు. ఇంటికి తీసుకెళ్ళిన కొద్ది గంటల్లో 51వ ఏట కన్నుమూశాడు.

నటులు మరణించే ముందు మతగురువు ఎదుట తమ వృత్తిని విసర్జిస్తేనే శ్మశానంలో చోటు. గురువు సమయానికి రాలేదు. ఆరడుగుల నేల కోసం భార్య అర్మాఁద్ రాజుగారిని వేడుకోవలసి వచ్చింది. చివరికి ఫిబ్రవరి 21 రాత్రి, ఆడంబరం లేకుండా పాతిపెట్టారు. ఈనాడు ఫ్రెంచిభాషకే 'మోలియేర్ భాష' అని పేరు!

అతని నాటకాలు మనకి దూరమేమీ కావు. భమిడిపాటి కామేశ్వరరావుగారు మోలియేర్‌ను తెలుగు ఇళ్ళల్లోకి తీసుకొచ్చారు. పిసినారితనం, దొంగభక్తి, వైద్యపు పిచ్చి ఏ ఊళ్ళో లేవు గనక?

నా మిత్రుడికి ఇదే నా సమాధానం. ఉత్త నవ్వులాటకైతే అయిదేళ్ళ నిషేధం ఎందుకు? నవ్వితే ఎవరి ముసుగు జారుతుందో వాళ్ళకి బాగా తెలుసు. అందుకే వచ్చే ఏడు కూడా హాస్యనాటకమే వేద్దామనుకుంటున్నాను. ఈసారి అతణ్ణి ముందు వరసలో కూర్చోబెడతాను.